వంద పాయింట్ల వెనక ఇరవై పాసులు

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు 365 మెట్లు. ఏడాదిలో రోజులెన్నో మెట్లూ అన్నే. డిసెంబరు 31న జరిగే మెట్ల పూజలో భక్తులు ఏ మెట్టునూ వదలరు. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించి, పాట పాడుకుంటూ పైకి సాగుతారు. గుడి చేరడం ఒక్కటే ముఖ్యమైతే ఇంత శ్రద్ధ అక్కర్లేదు. పైకి చేర్చిన ప్రతి మెట్టూ పూజకు తగినదేనన్న భావం అందులో ఉంది.

బాస్కెట్‌బాల్‌కూ ఇలాంటి మెట్ల లెక్క ఒకటుంది. దాని పేరు బాక్స్ స్కోరు. ఆట ముగిశాక ఏ జట్టు ఎంత సాధించింది, ఏ ఆటగాడు ఏం చేశాడు అన్నది అంకెల్లో చూపించే పట్టిక అది.

2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్లో తెలంగాణ జట్టు తమిళనాడును ఓడించి స్వర్ణం గెలుచుకుంది. తిరుత్తణి 1960 మార్చి దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో, అంటే ఇప్పటి తమిళనాడులో చేరింది. ఇక్కడా, పక్కనున్న తిరువళ్లూరులోనూ ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. అలాంటి ఇంటివాళ్లకు ఆ ఫైనల్లో రెండు జట్లూ మనవే. కానీ ఇలాంటి ఆటల గురించి మర్నాటి పేపర్లో మనకు దొరికేది తరచూ ఒక్క వాక్యం: ఎవరు గెలిచారు, ఎంత తేడాతో గెలిచారు. ఆడిన అమ్మాయిల కష్టంలో ఎక్కువ భాగం ఆ వాక్యానికి బయటే ఉండిపోతుంది.

బాక్స్ స్కోరు చదవడం కష్టమేమీ కాదు. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరుస. మొదట ఆడిన నిమిషాలు ఉంటాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆట 40 నిమిషాలు, కోర్టులో ఒక్కో జట్టుకు ఐదుగురు. కాబట్టి అదనపు సమయం ఆడకపోతే జట్టు నిమిషాలన్నీ కలిపితే 200 రావాలి. తర్వాత షాట్లు. 7/15 అని ఉంటే పదిహేను సార్లు వేస్తే ఏడు పడ్డాయని అర్థం. మూడు పాయింట్ల గీత లోపలి నుంచి వేసినది పడితే 2 పాయింట్లు, బయటి నుంచి పడితే 3, ఎదుటివాళ్ల ఫౌల్ వల్ల దొరికే ఫ్రీ త్రో పడితే 1. పడని షాట్ తర్వాత బంతిని దక్కించుకుంటే రీబౌండ్. తోటి ఆటగాడు బుట్టలో బంతి వేయడానికి నేరుగా దారితీసిన పాస్ అసిస్ట్. ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కుంటే స్టీల్, వాళ్ల షాట్‌ను గాల్లోనే ఆపితే బ్లాక్. షాట్ వేయకముందే బంతి పోగొట్టుకుంటే టర్నోవర్.

ఈ పట్టిక విలువ తెలియాలంటే 1962 మార్చి 2 నాటి ఆట చూడాలి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, హెర్షీ పట్టణం. ఫిలడెల్ఫియా వారియర్స్ 169–147తో న్యూయార్క్ నిక్స్‌ను ఓడించింది. అందులో విల్ట్ చాంబర్లేన్ ఒక్కడే 100 పాయింట్లు చేశాడు. ఆ ఆటకు వీడియో లేదు. రేడియో ప్రసారంలో చివరి భాగం రికార్డింగు మాత్రం మిగిలింది. మొత్తం ఆటకు గట్టి సాక్షి స్కోరు పట్టికే. విల్ట్ 63 షాట్లు వేస్తే 36 పడ్డాయి, అంటే 72 పాయింట్లు. 32 ఫ్రీ త్రోల్లో 28 పడ్డాయి. ఈ ఆట జరిగిన అమెరికా లీగ్ ఎన్‌బీఏలో మూడు పాయింట్ల షాట్ 1979–80 సీజన్‌లో గానీ రాలేదు. 72కు 28 కలిపితే వంద, లెక్క సరిపోయింది.

అదే పట్టికలో ఇంకో పేరు దగ్గర ఆగండి. గై రాడ్జర్స్, అసిస్టులు 20. బుట్టలో పడిన బంతులకు ఇరవైసార్లు దారి చూపిన మనిషి ఆయన. విల్ట్ పేరు లోకమంతటికీ తెలుసు, రాడ్జర్స్ పేరు ఆ పట్టిక చదివినవాళ్లకే తెలుసు. ఓడిన నిక్స్‌లోనూ ముగ్గురు 30 దాటారు: 39, 33, 31. వాళ్ల రాత్రి కూడా ఆ కాగితం మీద భద్రంగానే ఉంది. 100 అని రాసిన కాగితం పట్టుకున్న విల్ట్ ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఆ అంకె రాసిన చెయ్యి హార్వే పొలాక్‌ది. ఆ రాత్రి ఆట లెక్కలు రాసినదీ ఆయనే.

అయితే ఒక్క రాత్రి లెక్క మనిషి మొత్తాన్నీ చెప్పదు. ఆ రోజు విల్ట్ ఫ్రీ త్రోలు నూటికి 87.5 చొప్పున పడ్డాయి. ఆయన ఆడిన అన్నేళ్లకూ కలిపి చూస్తే సగటు 51 మాత్రమే.

పాయింట్లు ఒక్కటే చూసినా మోసపోతాం. 2006 జనవరి 22న ఎన్‌బీఏ ఆటగాడు కోబీ బ్రయాంట్ టొరంటో జట్టు మీద 81 పాయింట్లు చేశాడు. 46 షాట్లలో 28 పడ్డాయి. 2016 ఏప్రిల్ 13న తన చివరి ఆటలో 60 చేశాడు. దానికి 50 షాట్లు వేశాడు, పడ్డవి 22. రెండు ఆటలూ ఆయన జట్టే గెలిచింది, రెండూ అభిమానులు మరిచిపోని రాత్రులే. కానీ ఒక్కో పాయింటుకు జట్టు ఎన్ని అవకాశాలు ఖర్చుపెట్టిందో పక్క గడి చూస్తేనే తెలుస్తుంది.

జట్టు మొత్తం వరుసనూ ఇలాగే చదవాలి. ఏ జట్టు ఎందుకు గెలిచిందో తెలుసుకోవడానికి నాలుగు చోట్ల చూడమని గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పారు: షాట్లు ఎంత బాగా పడ్డాయి, బంతిని ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు, రీబౌండ్లు ఎవరికి దక్కాయి, ఫ్రీ త్రోలు ఎన్ని సంపాదించారు. ఈ నాలుగూ పోల్చి చూస్తే గెలుపు కారణం చాలావరకు దొరుకుతుంది.

లెక్కకు ఎక్కనిది లేనట్టు కాదు. ఎన్‌బీఏ ఆటగాడు బిల్ రస్సెల్ 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన జట్టుకు వెన్నెముక. ఎదుటివాళ్ల షాట్లను ఆపడంలో ఆయనకు గొప్ప పేరు. కానీ ఎన్‌బీఏ బ్లాకుల్ని, స్టీల్స్‌ను లెక్కించడం 1973–74లో మొదలైంది. రస్సెల్ 1969లోనే ఆట వదిలేశారు. అందుకే ఆయన అధికారిక రికార్డులో బ్లాకుల గడి ఖాళీ. ఆ విషయంలో ఆయన చేసిన పని ఎక్కువగా మిగిలింది చూసినవాళ్ల జ్ఞాపకంలోనే. రాసేవాళ్లు లేకపోతే ఎంత గొప్పవాడి పనైనా ఇలా జారిపోతుంది.

మన ఊళ్ల దగ్గర జరిగే నష్టం ఇదే. అంతర్జాతీయ నమూనా స్కోరు షీటులో పాయింట్లు, ఫౌళ్లు, టైమ్ అవుట్లు రాస్తారు. రీబౌండ్లకు, అసిస్టులకు అందులో చోటు లేదు. వాటికి వేరే మనిషి కూర్చోవాలి. బడి ఆటల్లో ఆ మనిషిని పెట్టుకునే స్తోమత అంతగా ఉండదు. దాంతో బుట్టలో బంతి వేసిన పిల్లకు పేరు మిగులుతుంది, పాస్ ఇచ్చిన పిల్లకు ఏమీ మిగలదు. ఆ పిల్ల ఇంటికెళ్లి అమ్మకు ఏమని చెప్పుకోవాలి?

చెన్నైకి చెందిన అనిత పాల్‌దురై భారత జట్టుకు నాయకత్వం వహించి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి క్రీడాకారిణి రేపు తిరువళ్లూరు నుంచో తిరుత్తణి నుంచో రావచ్చు. ఆమె తొలి ఆటల లెక్క మన దగ్గర ఉండాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఈసారి మీ పిల్లల ఆట చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు, పెన్ను తీసుకెళ్లండి. పేర్లు నిలువుగా రాసి, పక్కన రీబౌండ్, అసిస్ట్, స్టీల్, బ్లాక్, టర్నోవర్ అని గడులు గీయండి. జరిగిన ప్రతిదానికీ ఒక గీత పెట్టండి. ఆట అయ్యాక ఆ కాగితం పిల్లలందరికీ చూపించండి. ముందుగా, పాస్ ఇచ్చిన పిల్లకు చూపించండి.