మనుష్యులు లేని దీవులు

అరేబియా సముద్రమున, కర్ణాటక తీరమునకు ఎదురుగా, చిన్న చిన్న రాతిదీవులు అనేకము కలవు. వానిపై ఊరు లేదు, పొలము లేదు. పాఠ్యపుస్తకములోని పటమునందు ఇవి చుక్కలుగానైనను కానరావు. పిల్లలు ఉడుపి, మురుడేశ్వరములకు విహారయాత్ర పోవునపుడు మాత్రము పడవవారు “దీవి చూతురా?” యని పిలుతురు. అట్టి దీవులను గూర్చి తలిదండ్రులకు ముందుగనే కొంత తెలిసియుండుట మేలని తలచి, రెండింటిని ఇచట వివరించుచున్నాము.

మొదటిది మాల్పె రేవునకు ఎదుటనున్న సెయింట్ మేరీ దీవుల సముదాయము. అందు ముఖ్యమైనవి నాలుగు. ఒకదానిపై కొబ్బరిచెట్లు పెరిగియుండుటచేత దానికి కొబ్బరిదీవి యని పేరు. యాత్రికులు పోవునది అచటికే. 1498లో వాస్కో డ గామా ఇచట దిగి మేరీమాత పేరిడెనని ప్రతీతి. అది యెట్లున్నను, ఇచటి శిలల ముందు ఆ కథ నిన్నటి మాట. సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరములకు పూర్వము, మడగాస్కరు భారత భూభాగమునుండి విడిపోవుచున్న కాలమున, భూగర్భమునుండి వెలువడిన లావా గడ్డకట్టగా ఇవి యేర్పడినవి. ఇంచుమించు అదే వయస్సుగల అగ్నిశిలలు నేడు మడగాస్కరులోను ఉన్నవి.

ఈ శిలలు నిలువుకంబములవలె నుండును. శిల్పి ఉలితో చెక్కినట్లు ఒక్కొక్కదానికి ఐదో, ఆరో, ఏడో పలకలు. శిల్పి యెవ్వడును లేడు. చెరువు ఎండినపుడు అడుగుబురద కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చుట మనమెల్లరము చూచినదే. చల్లారుచున్న లావాయు అట్లే కుంచించుకొని పైభాగమున బీటలు వాఱును. లోపలి వేడి తగ్గినకొలది ఆ బీటలు క్రిందికి దిగును. మూడు బీటలు ఒకచోట సమానమైన ఎడముతో కలిసినచో, నడుమనున్న రాయి ఆరు పలకలదగును. తేనెపట్టులోని గదుల ఆకారమును ఇదియే గదా! భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖవారు ఈ చోటును జాతీయ స్మారకముగా ప్రకటించిరి. కొంగలు, సముద్రపు కాకులు, ఇటుకరంగు రెక్కల గరుడపక్షులు ఆ కంబములపై వ్రాలుచుండును.

రెండవది నేత్రాణి. ఇది మురుడేశ్వరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. నిట్టనిలువు గట్లు, పైన చెట్లు, చుట్టును నీటిలో పగడములు. దీనినే ఆంగ్లేయులు పావురముల దీవి యనిరి. కాని దీని ఘనత పావురములది కాదు, తెల్లపొట్ట సముద్రపు గ్రద్దలది. 1862లో పక్షిశాస్త్ర గ్రంథమును ప్రకటించిన జెర్డను అను వైద్యుడు, ఈ దీవిపై అట్టి గ్రద్దలు పెక్కు చేరుననియు, చెట్లక్రింద నేలయంతయు సముద్రపు పాముల యెముకలు పడియుండుననియు వ్రాసెను. మన కలివికోడికి ఆంగ్లమున పేరు వచ్చినది ఈ జెర్డను వలననే. ఆ పక్షి నశించినదని అందఱును తలచుచుండగా, 1986లో కడప జిల్లాలో మరల కానవచ్చినది.

ఈ గ్రద్ద పుల్లలతో పెద్దగూడు కట్టి, ఏటేట దానినే పెంచుకొనుచు వాడుకొనును. సాధారణముగా పెట్టునవి రెండే గ్రుడ్లు. పొదుగుట ఇంచుమించు ఆరు వారములు. మనుష్యుని అలికిడికి తల్లిపక్షి లేచిపోయినచో, గ్రుడ్లు ఎండకు చెడును, లేక కాకుల పాలగును. ఇంత దూరపు దీవిని అది కోరుకొనుటకు కారణమిదియే. అయినను మనుష్యుడు అచటికిని చేరినాడు. ఎవరో విడిచిన మేకలు అచట అడవిమేకలైనవి. మేక మొలకను మేసినచో, ముసలిచెట్టు కూలిననాడు దాని స్థానమున నిలుచు చెట్టు ఉండదు. చెట్టు లేనిచో గూడును లేదు. కొంతకాలము నౌకాదళమువారును ఈ దీవిని ఫిరంగుల గురిపరీక్షలకు ఉపయోగించిరి. దేశరక్షణ అవసరమే, కాని గురికి వేఱొక బండ దొరకకపోవునా యని మా సందేహము.

వానకాలమున సముద్రము అల్లకల్లోలమగుటచేత యాత్రికుల పడవలు ఆగిపోవును. వానలు వెనుకబట్టిన పిదప పడవలు మరల బయలుదేరును. గ్రద్దలు గూళ్లు సవరించుకొనునదియు ఆ దినములలోనే. కావున నేత్రాణివైపు పోవు పెద్దపిల్లలు గట్టు ఎక్కక, పడవనుండియే గ్రద్దలను చూచివచ్చునట్లు ఉపాధ్యాయులతో ముందుగా మాటాడుకొనవలెను. కొబ్బరిదీవికి పోవు చిన్నవారు దిగి తిరుగవచ్చును. రాతిముక్క మాత్రము జేబులో వేసికొని రాకూడదు.