నెమ్మదిగా నడిపినా బ్రేకు ఎందుకు ఆలస్యమైంది?

విశాఖపట్నం రైల్వే క్వార్టర్లలో ఉన్నన్నాళ్ళూ గంజాయి అంటే మాకు పేపర్లో కనిపించే మాట. ఏజెన్సీ నుంచి వస్తున్న వ్యానులో ఇన్ని కిలోలు దొరికాయి, ఇంతమందిని అరెస్టు చేశారు అని తరచూ వార్త ఉండేది. తర్వాత నాన్నకు వారణాసి బదిలీ అయింది. అక్కడికి వెళ్ళిన మొదటి వారంలోనే బజారులో బోర్డు పెట్టి మరీ నడుస్తున్న భాంగు దుకాణం చూశాం. దానికి ప్రభుత్వ లైసెన్సు కూడా ఉందట. భాంగు కూడా గంజాయి మొక్క నుంచే వస్తుందని నాన్న చెప్పగానే అక్కాతమ్ముళ్ళం ఇద్దరం నోరు వెళ్ళబెట్టాం. ఒక ఊళ్ళో జైలుకు పంపే మొక్కకు ఇంకో ఊళ్ళో దుకాణమా?

కారణం చట్టంలోనే ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆ మొక్క పూతను, కాయకట్టిన కొమ్మల చివళ్ళను గంజాయి అంటుంది, దాని జిగురును చరస్ అంటుంది. పూత లేకుండా ఆకులూ గింజలూ విడిగా ఉంటే అవి ఆ నిర్వచనంలోకి రావు. భాంగు ఆకుతో చేసేది కాబట్టి దాని సంగతి రాష్ట్రాలకు వదిలేశారు. ఆకులో మత్తు పదార్థం పూతలో కంటే తక్కువే, కానీ ఉన్నది మాత్రం అదే. దాని పేరు టీహెచ్‌సీ. మనం మింగింది ఆకా, పీల్చింది పూతా అన్న తేడా చట్టానికే గానీ మెదడుకు లేదు.

ఇది మాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. కిందటేడు హోళీకి నాన్న సహోద్యోగి ఒకాయన మమ్మల్ని ఇంటికి పిలిచారు. పెద్దవాళ్ళకు భాంగు కలిపిన ఠండాయి, పిల్లలకు వట్టి బాదంపాలు. అంకుల్ ఒక గ్లాసు తాగి అరగంట చూసి, “ఏమీ ఎక్కలేదే” అని ఇంకొకటి తాగారు. కాసేపటికి నాన్న డ్యూటీలో ఉన్నారని అమ్మనూ మమ్మల్నీ తన కారులో దింపుతానన్నారు. మాట తడబడలేదు, నడక తూలలేదు. అమ్మకు అనుమానం రాలేదు.

నిజానికి అసలు పొరపాటు ఆ రెండో గ్లాసు దగ్గరే జరిగిందని ఇప్పుడు అర్థమవుతోంది. పొగ పీలిస్తే టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్ళి నిమిషాల్లోనే మెదడును చేరుతుంది. తిన్నా తాగినా కడుపు, పేగులు, కాలేయం దాటి రావాలి. అరగంట పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. వచ్చాక దిగడానికి పొగ కంటే ఎక్కువసేపు తీసుకుంటుంది. ‘ఎక్కలేదు’ అనుకున్న మనిషికి మొదటి గ్లాసు ఇంకా దారిలో ఉందన్నమాట.

అంకుల్ చాలా నిదానంగా నడిపారు. వెనక సీట్లో కూర్చున్న మాకు ఆ నిదానం చూస్తే నవ్వొచ్చింది, సైకిళ్ళు దాటిపోతున్నాయి. కాలనీ మలుపులో ఒక బంతి రోడ్డు మీదకు దొర్లుకుంటూ వచ్చింది. అంకుల్ చూశారు. “అరే, గేంద్” అని కూడా అన్నారు. బ్రేకు మాత్రం వేయలేదు. బంతి వెనక పిల్లవాడు పరుగెత్తుకొచ్చాక, అమ్మ కేక వేశాక స్టీరింగు తిప్పారు. కారు వేపచెట్టుకు గుద్దుకుంది. పిల్లవాడికి ఏమీ కాలేదు. అమ్మ కుడి మణికట్టు విరిగింది.

బంతిని చూసిన మనిషి బ్రేకు ఎందుకు వేయలేదు? చాలా రోజులు ఈ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. జీవశాస్త్రం టీచరుగారిని అడిగితే మెదడు బొమ్మ వేసి చూపించారు. మన మెదడు కణాల మీద టీహెచ్‌సీ వచ్చి అతుక్కునే గ్రాహకాలు ఉన్నాయి. అవి దాని కోసం పుట్టినవి కావు. మన శరీరమే తయారుచేసుకునే ఒక పదార్థం కోసం ఉన్నాయి. 1992లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దాన్ని కనిపెట్టి, మన ‘ఆనందం’ అన్న సంస్కృత పదంతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఈ గ్రాహకాలు ఎక్కువగా ఉన్న చోట్లు చూడండి: కదలికలను సరిచేసే చిన్నమెదడు, ఇప్పుడే చూసినదాన్ని గుర్తుంచుకునే హిప్పోకాంపస్, పనిని మొదలుపెట్టించే, ఆపించే లోపలి భాగాలు. బండి నడపడానికి కావలసినవి ఇంచుమించు ఇవే.

బంతి కనబడితే వెనక పిల్లవాడు ఉంటాడని ఊహించడం, అద్దం చూడటం, కాలు బ్రేకు మీదకు తేవడం, అన్నీ ఒకేసారి జరగాలి. గంజాయి ముందు దెబ్బతీసేది ఇలా దృష్టిని పంచుకోవడాన్నే. కాలం ఎంత గడిచిందన్న అంచనా కూడా తప్పుతుంది. కారు తన వరుసలో తిన్నగా ఉండకుండా కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతుందని డ్రైవింగు పరీక్షల్లో పదేపదే తేలింది. తాగి నడిపేవాడు చాలాసార్లు వేగం పెంచుతాడు. గంజాయి తీసుకున్నవాడు చాలాసార్లు తగ్గిస్తాడు, ముందున్న బండికి దూరం పాటిస్తాడు. ఏదో తేడాగా ఉందని తనకే తెలిసి సర్దుకుంటాడు. ఖాళీ రోడ్డు మీద ఆ సర్దుబాటు పనికొస్తుంది. హఠాత్తుగా ఏదైనా అడ్డం వస్తే చాలదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 11 మీటర్లు పోతుంది. స్పందన అర సెకను ఆలస్యమైతే బ్రేకు పడేలోగా అదనంగా అయిదున్నర మీటర్లు. ఇది మేము నోటుపుస్తకంలో వేసిన లెక్కే, మీరూ వేసి చూడండి.

తనకు తెలిసి సర్దుకుంటాడన్నాం గానీ ఆ తెలివిడి ఎక్కువసేపు ఉండదు. అమెరికాలోని శాన్ డియాగోలో 191 మందిని, గంజాయి అలవాటు ఉన్నవాళ్ళనే, పొగ తాగించి డ్రైవింగు సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టిన పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. గంటన్నర అయ్యేసరికి వాళ్ళలో చాలామంది ఇక నడపగలం అన్నారు. కానీ అప్పటికి వాళ్ళ డ్రైవింగు మెరుగుపడలేదు. పూర్తిగా మామూలు కావడానికి నాలుగు గంటలు దాటింది. దీనికి మద్యం కూడా తోడైతే రెండింటి దెబ్బా కలిసి పడుతుంది.

ఆ రోజు పోలీసులు వచ్చి అంకుల్ చేత గొట్టంలో ఊదించారు. సున్నా చూపించింది. ఆ యంత్రం పట్టేది మద్యాన్ని మాత్రమే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షనులో మద్యానికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అని అంకె ఉంది. మత్తు పదార్థాలకు అంకె లేదు, బండిని అదుపులో పెట్టుకోలేనంతగా వాటి ప్రభావంలో ఉంటే నేరం అంటుంది. శిక్ష రెండింటికీ ఒకటే: మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంకె పెట్టడం కూడా తేలిక కాదు. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది. రక్తంలో త్వరగా పడిపోయినా ఒంట్లో దాగి ఉంటుంది, దాని ఆనవాళ్ళు మూత్రంలో రోజులు, అలవాటున్నవాళ్ళలో వారాల తరబడి కనిపిస్తాయి. కాబట్టి పరీక్షలో దొరికినవాడు ఆ క్షణంలో మత్తులో ఉన్నట్టు కాదు. మత్తులో ఉన్నవాడు గొట్టంలో దొరకనూ దొరకడు.

అంకుల్‌కు ఆ సున్నాయే సాక్ష్యం. కారు బ్రేకులదే తప్పని ఇప్పటికీ అంటారు, మెకానిక్కు బ్రేకులు బాగానే ఉన్నాయని చెప్పినా సరే. అబద్ధమాడుతున్నారని మేము అనుకోవడం లేదు. ఆయనకు నిజంగానే అలా గుర్తుంది. ఈ హోళీకి ఆయన గుజియాలు పట్టుకుని పిలవడానికొచ్చారు. అమ్మ ఎడమచేత్తో డబ్బా అందుకుని, “వస్తాం అన్నయ్యగారూ, నడిచే వస్తాం, నడిచే వెళ్తాం” అంది.