మస్టరు రోలు వ్యక్తిగత సమాచారమేనా?

వలస పాలకులు 1923లో తెచ్చిన అధికార రహస్యాల చట్టం దాపరికాన్నే ఆనవాయితీ చేయగా, 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆ చట్టానికీ తనకూ పొసగని చోట తన మాటే చెల్లుతుందని 22వ సెక్షన్‌లో ప్రకటించి, వెల్లడిని నియమంగా, గోప్యతను మినహాయింపుగా మార్చింది. ఆ మినహాయింపుల్లో 8(1)(జె) క్లాజు వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా వ్యక్తి ఏకాంతంలోకి అనవసరంగా చొరబడే సమాచారాన్ని మాత్రమే అది మరుగుపరచనిచ్చేది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే దాన్నీ ఇవ్వవలసిందేననీ, చట్టసభకు కాదనలేనిదాన్ని పౌరునికీ కాదనరాదనీ చెప్పేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 44(3) సెక్షన్ ఈ షరతులన్నిటినీ తీసివేసి, అడిగినది వ్యక్తిగత సమాచారమైతే చాలు, నిరాకరించవచ్చునన్నది. ఈ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది.

ఈ సవరణ బరువు పాలమూరు, నల్లగొండ మెట్టప్రాంతాల్లో స్పష్టంగా తెలుస్తుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైన తొలి 200 జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. పనుల రికార్డులను గ్రామసభ ముందుంచి, కూలీల ఎదుటే సరిచూసే సామాజిక తనిఖీని ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ విధించగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీనే నెలకొల్పింది. తనిఖీకి ప్రాణం మస్టరు రోలు, అంటే ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి పడిందో చూపే హాజరు పట్టీ. ముంబయికి వలసపోయిన మనిషి పేరున ఊళ్లో హాజరు పడిందా అన్నది పేరు చదివితేనే బయటపడుతుంది. పేర్లు తీసేసి మొత్తాలు మాత్రమే చూపితే, ఆ లెక్క తప్పని చెప్పగలిగేవారు ఊళ్లో ఎవరూ ఉండరు.

ఏకాంతం ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. కూలీ ఆధార్ సంఖ్యను, బ్యాంకు ఖాతాను, అనారోగ్యాన్ని కాపాడవలసిందే. అయితే ఆ రక్షణ పాత క్లాజులోనే ఉండగా, ప్రజాధనం ఎవరికి చేరిందన్న ప్రశ్నను కూడా దాని చాటుకు నెట్టడం న్యాయం కాదు.

సమాచార హక్కు చట్టంలో సవరణ తాకని నిబంధనలు ఇంకా ఉన్నాయి. గోప్యతవల్ల కలిగే మేలుకన్నా వెల్లడిలోని ప్రజాప్రయోజనం మిన్న అయినప్పుడు సమాచారం ఇవ్వవచ్చునని 8(2) చెబుతుంది. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను అధికారులు తమంతట తామే ప్రకటించాలని 4(1)(బి) ఆదేశిస్తుంది. ఇకపై దరఖాస్తు రాసే ప్రతి పౌరుడూ ఈ రెండు సెక్షన్లనూ పేర్కొని, ఆ సమాచారంలోని ప్రజాప్రయోజనమేమిటో ముందే వివరించాలి. నిరాకరిస్తే అప్పీలుకు వెళ్లాలి.