నేరం నుండి న్యాయం వరకు

రాయపూర్‌లోని పండరీ వస్త్ర వ్యాపారానికి పేరుపొందినది. అక్కడ ఒక రాత్రి ఒక దుకాణం తాళం పగులగొట్టి దొంగలు సరుకు ఎత్తుకుపోయారనుకొందాం. పోలీసులు దర్యాప్తు జరుపుతారు. ప్రయోగశాలలో వేలిముద్రలను పరిశీలిస్తారు. ప్రభుత్వ న్యాయవాది సాక్ష్యాలను న్యాయస్థానం ముందుంచుతారు. శిక్ష పడినచో అటుపై బాధ్యత కారాగార శాఖది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా దోషి తప్పించుకొనవచ్చును. నిర్దోషి చెరసాలలో మగ్గవచ్చును. ఈ గొలుసు మొత్తాన్ని బోధించేదే నేరన్యాయ విద్య.

ఈ విద్య ఆ ప్రాంతానికి కొత్త కాదు. రాయపూర్ మధ్యప్రదేశ్‌లో ఉన్న కాలంలోనే, 1959లో, ఆ రాష్ట్రంలోని సాగర్ విశ్వవిద్యాలయంలో నేరశాస్త్ర విభాగం ఏర్పడినది. 2003లో రాయపూర్‌లో హిదయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వెలసినది. ఆ పేరుగల మాజీ ప్రధాన న్యాయమూర్తి రాయపూర్‌లోనే పాఠశాల విద్య నభ్యసించారు.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఈ విద్య అవసరాన్ని మరింత పెంచినది. ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడగల నేరాలలో నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించాలని అది నిర్దేశించినది. రాష్ట్రాలు దీనిని ఐదేళ్లలోగా అమలుపరచవలసి ఉన్నది.

అయితే పట్టా ఒక్కటే కొలువు నియ్యదు. పోలీసు ఉద్యోగానికి పోటీ పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష తప్పవు. ప్రయోగశాలకు విజ్ఞానశాస్త్ర పట్టా, వాదించుటకు న్యాయశాస్త్ర పట్టా కావలెను. కనుక విద్యార్థి ముందుగా తాను ఏ లంకె కానున్నాడో నిర్ణయించుకొని, ఆ పిదప కళాశాలలో చేరుట మేలు.