పసుపు పిల్లలన్నీ తెల్ల పిట్టలు కావు

కౌజు పిట్టల పిల్లలు కొనడానికి వెళ్లినవాళ్లలో చాలామంది బ్రూడర్ మీదికి వంగి అడిగేది ఒకటే: "తెల్లవి ఏరి పెట్టండి." అమ్మేవాడు పసుప్పచ్చగా కనిపించినవి ఏరి అట్టపెట్టెలో వేస్తాడు. నెల తిరిగేసరికి వాటిలో కొన్ని తెల్లగా, కొన్ని బంగారు రంగులో, ఒకటో రెండో చారలతో తేలతాయి. ఇక ఫోన్లో తగాదా మొదలవుతుంది. చాలాసార్లు అమ్మినవాడికీ ఆ సంగతి ముందు తెలియదు.

మన ఫారాల్లో పెరిగేది జపనీస్ క్వెయిల్. 1974లో దాన్ని కాలిఫోర్నియా నుంచి తెప్పించారు. తర్వాత దాన్ని బరేలీ పక్కనున్న ఇజ్జత్‌నగర్‌లోని కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ మన దేశంలో స్థిరపరిచింది. దాని సహజ రంగు పిల్ల ఆరేడు గ్రాముల బరువుతో పుడుతుంది. పసుపు, గోధుమ కలిసిన నూగు, వీపు పొడవునా నల్లటి చారలు ఉంటాయి. ఈ చారల పిల్లను బాగా గుర్తుపట్టగలిగితే మిగతా రంగుల్లో ఏం మారిందో తెలుస్తుంది.

అపోహ: పసుపు నూగు ఉంటే పెద్దయ్యాక తెల్ల పిట్టే.

తెల్ల పిట్ట పిల్ల పసుపుగానే పుడుతుంది, అంతవరకు నిజం. బంగారు రకం పిల్ల కూడా పసుపుగానే పుడుతుంది. తేడా వీపు మీద ఉంటుంది. తెల్లదానికి చారలుండవు, కొన్నిటికి నడినెత్తిన ఒక ముదురు మచ్చ మాత్రం ఉంటుంది. బంగారు రకానికి చారలు ఉంటాయి గాని వెలిసిపోయినట్టు లేత గోధుమ రంగులో ఉంటాయి. ఎర్ర బల్బు కింద అవి అసలు కనబడవు. అందుకే పిల్లను బ్రూడర్ బయటికి తీసి, నూగు పూర్తిగా ఆరాక, పగటి వెలుగులో చూడాలి. అప్పటికీ అనుమానం ఉంటే వారం ఆగితే సరి. రెక్కల్లో మొలిచే ఈక తెల్లగా ఉందా, గోధుమ రంగు అడ్డచారలతో ఉందా అన్నది అప్పటికి తేలిపోతుంది.

అపోహ: తెల్ల పిట్ట అంటే అల్బినో, బలహీనమైన జాతి.

ముందు కన్ను చూడండి. ఎర్రగా ఉంటే అల్బినో తరహా మార్పు. మార్కెట్లో దొరికే తెల్లవాటిలో ఎక్కువభాగం నల్ల కళ్లవి, అవి వేరే సంగతి. ఈకలకు రంగునిచ్చే కణాలు పిండం వీపు భాగంలో పుట్టి చర్మం అంతటా పాకాలి. ఆ ప్రయాణం ఆగిపోతే ఈక తెల్లబడుతుంది. కంటి వెనక పొరలోని నల్లరంగు కణాలు అక్కడికక్కడే తయారవుతాయి, వాటికి ప్రయాణంతో పని లేదు. అందుకే ఒళ్లంతా తెల్లగా ఉన్నా కన్ను నల్లగానే ఉంటుంది. తెల్లదనం ఒక్కటి చూసి బలహీనమని తీర్పు చెప్పడానికి ఆధారం లేదు. అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎమ్ పేరుతో చలామణి అయ్యే తెల్ల రకాన్ని పెంచేదే మాంసం కోసం.

ఒక రకం తెల్ల పిట్టను మామూలు పిట్టతో జతకడితే వీపు చారలతో, ముఖం, పొట్ట పసుపుగా ఉన్న పిల్లలు వస్తాయి. పెద్దయ్యాక వాటి ముఖం, పొట్ట తెల్లబడతాయి. వీటిని టక్సీడో అంటారు. ఇక్కడ నూగు అబద్ధం చెప్పదు. నా లెక్కలో నూగు ఛాయ కన్నా మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నదే నమ్మదగ్గ గుర్తు.

అపోహ: బంగారు జంటకు పుట్టేవన్నీ బంగారు పిల్లలే. చారలవి వస్తే హేచరీవాడు గుడ్లు కలిపేసినట్టే.

ఎక్కువ పోట్లాటలు జరిగేది దీని మీదే. బంగారు రంగు ఒక్క మోతాదుతోనే కనబడే గుణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరి రెండు మోతాదులైతే పిండం తొలి దశలోనే చనిపోతుంది. కాబట్టి బతికున్న ప్రతి బంగారు పిట్టలోనూ ఒక మామూలు జన్యువు దాగి ఉంటుంది. బంగారు జంట పెట్టిన గుడ్లలో వంద ఫలదీకరణం చెందాయనుకుంటే, సగటున పాతిక లోపలే పోతాయి, యాభై బంగారువి, పాతిక చారలవి. అంటే లేచిన పిల్లల్లో మూడో వంతు చారలవే. హేచరీవాడు కలిపిందేమీ లేదు.

ఈ లెక్క మొదట పక్షుల్లో బయటపడలేదు. 1905లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూసియన్ కెనో పసుపు ఎలుకలను ఎన్నిసార్లు జతకట్టినా అచ్చంగా పసుపు సంతతి రావడం లేదని గమనించాడు. 1910లో అమెరికాలో కాజిల్, లిటిల్ కలిసి ఆ లెక్క రెండుకు ఒకటి అని, పోయిన పావు వంతు పిండాలుగా ఉండగానే చనిపోతోందని తేల్చారు. శతాబ్దం తర్వాత, 2008లో, కౌజు పిట్టల బంగారు రంగుకూ ఆ ఎలుకల్లో దెబ్బతిన్న జన్యువు దగ్గరే డీఎన్ఏ ముక్క ఒకటి ఊడిపోవడమే కారణమని అచ్చయింది. ఎలుకకూ పిట్టకూ ఒకే చోట ఒకే రకం దెబ్బ!

పెంపకందారుకు ఈ లెక్క డబ్బుతో ముడిపడ్డ సంగతి. బంగారు జంటల గుడ్లలో పావు వంతు పిల్లలు కాకపోతే ఇంక్యుబేటర్ వేడిమిని మార్చడం, మగపిట్ట పనికిరాదని అమ్మేయడం చూస్తుంటాం. బంగారు మగదాన్ని చారల ఆడవాటితో వదిలితే సగం బంగారు పిల్లలు వస్తాయి, ఈ నష్టం అసలు ఉండదు.

అపోహ: నల్లగా పుట్టిన పిల్ల పొలాల్లోని అడవి కౌజుతో కలిసిన సంకరం.

కాదు. ముదురు గోధుమ నుంచి దాదాపు నలుపు దాకా ఉండే పిల్లలు జపనీస్ క్వెయిల్‌లోనే ఒక జన్యువు మారడం వల్ల పుడతాయి. ఒక్క మోతాదు ఉన్నవాటిని రోసెట్టా అని, రెండు ఉన్నవాటిని టిబెటన్ అని పిలుస్తారు. పుట్టిన రోజున ఈ రెండింటినీ విడదీయడం అనుభవజ్ఞులకూ కష్టమే. ఇక పొలాల్లోని కౌజును వలేసి పట్టి జతకట్టాలన్న ఆలోచనే వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

అపోహ: రంగు చూసి ఆడా మగా చెప్పేయొచ్చు.

ఒక్క సందర్భంలో చెప్పొచ్చు. పక్షుల్లో ఆడపిల్లకు జడ్ క్రోమోజోము ఒకటే ఉంటుంది, అదీ తండ్రి నుంచి వస్తుంది. ఫ్రెంచివారు 'రూ' అనే లేత ఎర్రగోధుమ రంగు జన్యువు ఈ క్రోమోజోము మీదే ఉంది. ఆ రంగు మగదాన్ని మామూలు ఆడదానితో కలిపితే లేత రంగు పిల్లలన్నీ ఆడవి, చారలవన్నీ మగవి. జంట తిరగబడితే, అంటే తల్లి ఆ రంగుదీ తండ్రి మామూలుదీ అయితే, పిల్లలన్నీ ఒకేలా పుడతాయి. తల్లిదండ్రులు తెలియని పిల్లలను చూసి లింగం చెప్పేవాళ్ల మాట బొమ్మాబొరుసుతో సమానం. చారల రకంలో మూడో వారానికి మగవాటి రొమ్ము ఇటుకరంగుకు తిరుగుతుంది, ఆడవాటికి చుక్కలు వస్తాయి. తెల్లవాటిలో, టిబెటన్‌లో అదీ ఉండదు. ఆరేడు వారాలకు మగదాని మలద్వారం దగ్గర గ్రంథి ఉబ్బి, నొక్కితే తెల్లటి నురుగు వచ్చేదాకా ఆగాలి.

మక్క, పసుపు పెడితే పిల్లల రంగు మారుతుందన్నదీ వినబడుతుంది. మక్కతో మారేది గుడ్డులోని సొన. తెల్ల పిట్ట తెల్ల గుడ్డు పెడుతుందన్నదీ అలాంటిదే. పెంకు మీది మచ్చలు గర్భసంచిలో పడతాయి, ఈకల రంగుతో వాటికి సంబంధం లేదు.

చివరిగా, పెంపుడు పక్షుల దుకాణాల్లో బటన్ క్వెయిల్ పేరుతో అమ్మే గుప్పెడంత పిట్ట వేరే జాతి, చైనీస్ పెయింటెడ్ క్వెయిల్. దాని సహజ రంగు పిల్ల పుట్టుకతోనే నలుపుకు దగ్గరి గోధుమ రంగులో, పసుపు చారలతో ఉంటుంది. మన ఫారం పిట్టల్లో అంత నల్ల పిల్ల కనిపిస్తే టిబెటన్ అని ఆలోచిస్తాం, అక్కడ అది మామూలు పిల్ల. ఆ జాతిలో వెండి రంగువి లేతగా పుడతాయి. పై లెక్కలేవీ వాటికి అంటగట్టకూడదు.