జయా! అని పిలిస్తే పలికేదెవరు?

మీ వాడకట్టులో నిలబడి "జయా!" అని ఒక్క కేక వేసి చూడండి. ముగ్గురైనా తలుపు తీసి తొంగి చూస్తారు. ఒకరు జయమ్మ, ఒకరు జయలక్ష్మి, ఇంకొకరు విజయ. మా మాచారెడ్డిలోనే కాదు, కామారెడ్డి బస్సెక్కితే ఆ బస్సులోనూ ఒక జయ ఉంటుంది. పిలవడానికి రెండక్షరాలు, అర్థానికేమో గెలుపు. పార్వతీదేవి చెలికత్తెల పేర్లు జయ, విజయ. మహాభారతానికి మొదటి పేరు జయం అని పెద్దలు చెబుతారు. మన అరవై సంవత్సరాల్లో ఒక ఏడు పేరు కూడా జయే. 2014 ఉగాదికి వచ్చిన ఆ జయ నామ సంవత్సరంలోనే జూన్ 2న మన తెలంగాణ ఏర్పడింది. ఆ ఏడు పుట్టిన మనవరాలికి వేరే ఆలోచన లేకుండా జయ అని పెట్టుకున్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఇక సినిమాల సంగతి. మొన్న దసరా సెలవుల్లో టీవీలో హిందీ సూర్యవంశం వస్తోంది (అది ఎప్పుడు రాదు లెండి!). అమితాబ్ పక్కన పెద్దింటి ఇల్లాలిగా మన జయసుధ. అది చూసి మా అమ్మాయి, "అమ్మా, హిందీ సినిమాల్లో జయ పేరున్నవాళ్ళు ఎంతమంది?" అని అడిగింది. నేను పప్పు ఏరుతూనే వేళ్ళ మీద లెక్క పెట్టడం మొదలుపెట్టాను. జయా భాదురి, జయప్రద, జయసుధ, జయలలిత. పప్పు ఏరడం అయ్యేసరికి నాకొక సంగతి తట్టింది. ఈ నలుగురిలో ఒక్క జయా భాదురికే అది సొంత పేరు. మిగతావాళ్ళకు పుట్టినప్పుడు వేరే పేర్లున్నాయి.

జయా భాదురి 1948లో జబల్‌పూర్‌లో పుట్టింది. తండ్రి తరుణ్ కుమార్ భాదురి పత్రికా రచయిత. పదిహేనేళ్ళప్పుడే సత్యజిత్ రాయ్ గారి మహానగర్‌లో (1963) ఆడపడుచుగా కనిపించింది. తర్వాత పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, 1971లో హృషీకేశ్ ముఖర్జీ గారి గుడ్డీలో రెండు జడల బడిపిల్లగా వచ్చింది. నగలు లేవు, తళుకులు లేవు. మన పక్కింటి అమ్మాయిలాగా ఉండేది. ఆ సినిమాలు నా తరానికి దూరదర్శన్ ఆదివారం సాయంత్రాలు చూపించాయి. ఊళ్ళో ఒక్క టీవీ ఉన్న ఇంట్లో చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. మా దిక్కు హిందీ కొత్తేమీ కాదు కనుక సగం మాటలు మాకు మేమే అర్థం చేసుకునేవాళ్ళం, మిగతా సగం ఏడుపులోనే అర్థమయ్యేది.

జయప్రద మన రాజమండ్రి అమ్మాయి. అసలు పేరు లలితారాణి. 1974లో భూమికోసం సినిమాలో మూడు నిమిషాల డాన్సుతో మొదలైంది. జయప్రద అని పేరు పెట్టింది నటుడు ప్రభాకర్ రెడ్డి గారు. ఆయన మన నల్లగొండ దిక్కువారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1976లో, అంతులేని కథ, సిరిసిరిమువ్వ, సీతా కల్యాణం. ఒక్క ఏడాదిలో ఈ మూడూ! ఇల్లంతా తన జీతం మీద బతుకుతుంటే నవ్వడం మరిచిపోయిన అక్కగా అంతులేని కథలో ఆమెను చూసి, "ఇది మన సరిత కథే" అనో, "మన పద్మ కథే" అనో అనుకోని ఆడది లేదు. 1977లో అడవిరాముడు వచ్చింది. ఎన్టీ రామారావు గారి సరసన ఒక పక్క జయప్రద, ఇంకో పక్క జయసుధ. ఆ రోజుల్లో పుట్టిన మా ఈడు పిల్లల్లో జయప్రదలు, జయసుధలు ఎందుకంత మంది ఉన్నారో వేరే చెప్పాలా?

ఇద్దరు పెద్ద జయల గురించి ఒక చిత్రం చెబుతాను. గెలుపు అని పేరున్న ఆ ఇద్దరూ జనం మనసు గెలిచింది మాట లేని పాత్రలతో. 1972లో గుల్జార్ గారి కోషిష్‌లో జయా భాదురి, సంజీవ్ కుమార్ చెవిటి, మూగ దంపతులు. బిడ్డ ఏడిస్తే వినపడని తల్లి ఎలా ఉంటుందో ఆ సినిమాలో చూసి మా అమ్మ రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు. జయప్రదను హిందీకి తీసుకెళ్ళింది 1979లో వచ్చిన సర్గమ్. మన సిరిసిరిమువ్వనే విశ్వనాథ్ గారు హిందీలో తీశారు. అందులోనూ ఆమె మాట రాని నాట్యగత్తె. అప్పటికి ఆమెకు హిందీ రాదు, పాత్రకు మాట అక్కరలేదు. రిషి కపూర్ డఫ్లీ వాయిస్తుంటే కాళ్ళతోనే సమాధానం చెప్పింది. సినిమా పెద్ద హిట్టయినా, భాష రాక హిందీలో వెంటనే ముందుకు పోలేకపోయింది. అప్పుడు పట్టుబట్టి హిందీ నేర్చుకుని, 1982లో అదే విశ్వనాథ్ గారి కామ్‌చోర్‌లో గడగడా మాట్లాడింది. మా అమ్మాయికి ఇంగ్లీషు రాదని భయపడినప్పుడల్లా నేను చెప్పే కథ ఇదే.

ఆ తర్వాత 1984లో షరాబీ. హీరో అమితాబ్, హీరోయిన్ జయప్రద. మా నానమ్మకు అమితాబ్ భార్య పేరు జయ అని మాత్రం తెలుసు. సినిమా నడుస్తున్నంతసేపూ, "పెండ్లాం మొగుడు మంచిగ జేసిండ్రు" అని మెచ్చుకుంది. కాదు నానమ్మా, ఈ జయ వేరు అంటే వినలేదు. "జయంటే జయనే" అంది. అదే ఏడు వచ్చిన తోఫా మన దేవతకు హిందీ. శ్రీదేవి, జయప్రద అక్కచెల్లెళ్ళు. తెలుగులోనూ హిందీలోనూ వాళ్ళిద్దరే.

ఇప్పుడు జయసుధ. ఆమె అసలు పేరు సుజాత. సినిమాల్లో అప్పటికే ఒక సుజాత ఉండడంతో ఈమెను జయసుధగా మార్చారు. ఒకే పేరుతో ఇద్దరుంటే పిలిచేవాళ్ళకు ఇబ్బంది కదా, కొత్తగా వచ్చినవాళ్ళే మార్చుకోవాలి. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది. ఆమె కథ మీకు చెప్పాల్సిందే.

మా చిన్నమ్మ పేరు జయ. ఐదో తరగతి దాకా చదివింది. మా దిక్కు ఆడపిల్లలందరిలాగే పన్నెండేళ్ళకే చాట ముందర కూర్చుని తునికాకు కత్తిరించడం, బీడీలు చుట్టడం నేర్చింది. కార్ఖానాలో కార్డు, పీఎఫ్ అన్నీ జయ పేరుమీదే. పెళ్ళయి అత్తగారింటికి పోతే అక్కడ పెద్ద యారాలు పేరు కూడా జయే. "ఒక్కింట్ల ఇద్దరు జయలుంటే పిలుసుడెట్ల? నువ్వు లక్ష్మివి" అన్నదట అత్త. గుమ్మం దగ్గర కుండ తన్నకముందే పేరు మారిపోయింది. అక్కడినుంచి రేషన్ కార్డులో లక్ష్మి, ఓటరు లిస్టులో లక్ష్మి, ఆధార్‌లో లక్ష్మి. పిల్లల బడి రిజిస్టర్లో తల్లి పేరు లక్ష్మి. ఆమె మటుకు రోజూ వెయ్యి బీడీలు చుడుతూ, కార్ఖానా పుస్తకంలో మాత్రం జయగానే ఉంది.

2015లో బీడీ కార్మికులకు ఆసరా పింఛను మొదలైంది. నెలకు వెయ్యి రూపాయలు (2019లో అది 2,016 అయింది). వాడకట్టులో అందరికీ వచ్చింది, చిన్నమ్మకు రాలేదు. పీఎఫ్ కార్డులో జయ, ఆధార్‌లో లక్ష్మి. కార్డులో తండ్రి పేరు, ఆధార్‌లో భర్త పేరు. ఈ ఇద్దరూ ఒక్క మనిషే అని రుజువేమిటి అన్నారు. నిజమే, కాగితం చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? ఇద్దరు ఆడవాళ్ళు కనిపిస్తారు. ఒకామెకు బీడీలు వచ్చు గాని ఇల్లు లేదు, ఇంకొకామెకు ఇల్లుంది గాని పని లేదు. నోటరీ దగ్గర అఫిడవిట్, గెజిటెడ్ ఆఫీసరు సంతకం, ముందు ఆధార్ మార్పు, తర్వాత బ్యాంకు పుస్తకం, ఆ తర్వాత రేషన్ కార్డు. పోయిన ప్రతిసారీ ఆ రోజు బీడీల కూలి పోయేది, బస్సు చార్జీలు అదనం. "నా పేరు మార్చినోళ్ళు ఒక్క పూటల మార్చిండ్రు బిడ్డా, మల్ల తెచ్చుకునేటందుకు నాకు రెండేండ్లు వట్టింది" అంది చిన్నమ్మ.

సూర్యవంశం దగ్గర ఇంకో మాట మరిచాను. 1999లో వచ్చిన ఆ సినిమాలో మన సౌందర్యకూ, మన జయసుధకూ ఇద్దరికీ హిందీ గొంతు ఇచ్చింది రేఖ. ఆ రేఖ ఎవరనుకున్నారు? మన తెలుగు నటి పుష్పవల్లి గారి కూతురు, అసలు పేరు భానురేఖ. తెర మీద మనిషి ఒకరు, గొంతు ఒకరిది, పేరు ఇంకొకరు పెట్టింది!

జయలలిత హిందీలో ధర్మేంద్రతో 1968లో ఇజ్జత్ అనే సినిమా చేసింది. పుట్టినప్పుడు కోమలవల్లి, ఏడాది నిండాక జయలలిత. 2001లో ఇంగ్లీషు స్పెల్లింగులో చివర ఇంకో అక్షరం చేర్చుకుంది. అది మాత్రం ఎవరూ తగిలించలేదు, ఆమె ఇష్టం.

పుట్టు పేరుతో ఉన్న ఆ ఒక్క జయ సంగతి ఏమయిందో చూడండి. 1973లో పెళ్ళి. అదే ఏడు అభిమాన్, భర్తకంటే భార్యకే పాట బాగా వస్తే ఇంట్లో ఏమవుతుందో చూపించిన సినిమా. దానికి ఆమెకు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. పిల్లలు పుట్టాక సినిమాలు తగ్గించుకుంది. చాలా ఏళ్ళ తర్వాత 1998లో గోవింద్ నిహలానీ గారి హజార్ చౌరాసీ కీ మా చేసింది. మహాశ్వేతాదేవి గారి నవల. పోలీసుల లెక్కలో 1084వ నంబరు శవంగా మిగిలిన కొడుక్కు తల్లి ఆమె. ఆ తల్లికి ఒక పేరుంది, సినిమా పేరులో మాత్రం ఆమె "1084 తల్లి". ఆ పాత్ర పేరు ఏమిటో తెలుసా? సుజాత!

2004లో ఆమె మొదటిసారి రాజ్యసభ సభ్యురాలైంది. (అదే ఏడు మన జయప్రద కూడా అదే పార్టీ తరఫున ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నుంచి లోక్‌సభకు గెలిచింది.) 2024 జులై 29న సభలో ఆమెను మాట్లాడమని పిలుస్తూ ఉపాధ్యక్షులు "జయా అమితాబ్ బచ్చన్" అన్నారు. జయా బచ్చన్ అంటే చాలు కదా అని ఆమె అడిగింది. ఇక్కడ పూర్తి పేరు అలాగే రాసి ఉంది అన్నారు ఆయన. ఆడవాళ్ళను భర్త పేరుతోనే గుర్తించడం కొత్తగా మొదలైందా అని ఆమె ప్రశ్న. కొద్ది రోజులకు తనే నవ్వుతూ తన పేరు మొత్తం చెప్పుకుని సభను నవ్వించింది కూడా. ఆగస్టులో మళ్ళీ అదే మాట వచ్చినప్పుడు, ఎన్నిక పత్రంలో ఉన్నదే చదువుతామని, మార్చుకోవాలంటే దానికొక పద్ధతి ఉందని జవాబు వచ్చింది.

ఆమెకు కోపం ఎక్కువ అని అందరూ అంటారు. ఉండవచ్చు. మా ఆడపడుచు కూడా, "అంత పెద్ద మనిషి పేరు తగిలిస్తే గర్వపడక గొడవేంటి?" అంది. నాకలా అనిపించలేదు. పార్లమెంటులో కూర్చున్నామెకే అఫిడవిట్ లాంటి జవాబు వచ్చిందంటే మా చిన్నమ్మే నయం, ఆమె పని రెండేళ్ళలో అయింది.

చిన్నమ్మ పింఛను మొదటిసారి తెచ్చుకోవడానికి పోస్టాఫీసుకు నేనే తోడు పోయాను. బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. లోపలినుంచి "జయమ్మా!" అని పిలిచారు. ఆమె కదలలేదు. మళ్ళీ పిలిచారు. నేను మోచేత్తో పొడిచి, "చిన్నమ్మా, నిన్నే" అన్నాను. ఉలిక్కిపడి లేచి, కొంగు సర్దుకుంటూ పోయింది. అత్తగారి ఊళ్ళో ఆ పేరు పెట్టి ఆమెను ఎవరైనా పిలవడం దాదాపు ముప్పై ఏళ్ళలో అదే మొదలు.