నామోషీ పడితే ఉద్యోగం సంగతి ఎవరు చెప్తారు?

ఇంజనీరింగ్ అయిపోయి ఇంకా ఉద్యోగం రాని కుర్రాళ్లు పెళ్లిళ్లలో పెద్దగా కనిపించరు. ‘ఇప్పుడేం చేస్తున్నావు బాబూ?’ అని ఎవరో ఒకరు అడుగుతారని ఇంట్లోనే ఉండిపోతారు. అమ్మానాన్నలు ‘హైదరాబాద్‌లో ఏదో కోర్సు చేస్తున్నాడండీ’ అని సర్దేస్తారు. అమ్మాయిలకైతే ఇంకో ఒత్తిడి. ఏడాది తిరిగేసరికి ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది.

గుడివాడైనా, నూజివీడైనా, బందరైనా ఇదే వరస. పగలంతా జాబ్ సైట్లలో అప్లికేషన్లు పెడుతుంటారు, మనుషులకు మాత్రం మొహం చాటేస్తారు. నష్టం జరిగేది సరిగ్గా అక్కడే.

దగ్గరివాళ్ల కన్నా దూరపువాళ్లే

అమెరికాలో బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊరుంది. అక్కడ ఉద్యోగం మారినవాళ్లను మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఓ ప్రశ్న అడిగాడు. ‘ఈ ఉద్యోగం సంగతి చెప్పిన మనిషిని అప్పట్లో మీరు ఎంత తరచుగా కలిసేవారు?’ ఆ జవాబులు 1973లో అచ్చయ్యాయి. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, తరచూ కలిసే మనిషి వల్ల దొరికింది 17 శాతం లోపే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల వల్ల దాదాపు 56 శాతం మందికి, ఎప్పుడో గానీ కలవనివాళ్ల వల్ల 28 శాతం మందికి దొరికింది.

2022లో లింక్డ్‌ఇన్‌లోని 2 కోట్ల మంది మీద చేసిన పరిశోధనలోనూ ఇంచుమించు ఇదే తేలింది. మరీ దగ్గరివాళ్ల కన్నా, కాస్త దూరపు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చాయి. కంప్యూటర్ పని ఎక్కువగా ఉండే రంగాల్లో ఈ తేడా ఇంకా బాగా కనిపించింది.

ఆలోచిస్తే కారణం తేలికే. మీ ప్రాణస్నేహితుడిదీ మీ క్లాసే, మీ వాట్సాప్ గ్రూపే. మీకు తెలియని ఖాళీ వాడికీ తెలియదు. మూడేళ్ల సీనియర్ సంగతి వేరు. ఆయన మసిలే లోకమే వేరు.

మనకు సీనియర్లకు కొదవా?

కానూరులోని వీఆర్ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ 1977లో మొదలైంది. గుడ్లవల్లేరు కాలేజీ 1998లో వచ్చింది. ఇన్నేళ్లలో అక్కడ చదివినవాళ్లు హైదరాబాద్, బెంగళూరు మొదలుకొని అమెరికా దాకా ఉన్నారు. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్, మేధా టవర్స్ ఉండనే ఉన్నాయి. ఒకే కాలేజీ బస్సులో వచ్చిన సీనియర్, ల్యాబ్‌లో సాయం చేసిన అక్క, మీ వీధిలోంచి వెళ్లి ఎక్కడో స్థిరపడినవాళ్లు... వీళ్లంతా మీకు దారులే.

అడిగే పద్ధతి

నాకూ వారం వారం ఇలాంటి మెసేజ్‌లు వస్తాయి. ‘హాయ్ అన్నా, ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా?’ దీనికి ఏం జవాబివ్వాలి? ఏ పని వచ్చో తెలియదు, ఏ పోస్టు కావాలో తెలియదు.

ముందు ఆ కంపెనీ కెరీర్స్ పేజీ చూసి, మీకు సరిపోయే పోస్టు వెతకండి. తర్వాత ఇలా రాయండి: ‘అన్నా, నేను మన కాలేజీ 2024 బ్యాచ్. మీ కంపెనీలో జావా డెవలపర్ పోస్టు చూశాను, జాబ్ ఐడీ ఇది. నేను చేసిన ప్రాజెక్టు లింకు, రెజ్యూమె పెడుతున్నాను. సరిపోతుందనిపిస్తే రెఫర్ చేయగలరా? లేదంటే ఏం నేర్చుకోవాలో చెప్పినా చాలు.’

ఆ చివరి వాక్యం ముఖ్యం. రెఫర్ చేయలేని మనిషి కూడా సలహా ఇవ్వగలడు. అలా రెండు మాటలు కలిశాక, రేపు నిజంగా ఖాళీ పడితే మీరే గుర్తొస్తారు. వారం దాటినా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి. రోజూ మాత్రం వద్దు.

రెఫరల్ వేరు, బ్యాక్‌డోర్ వేరు

రెఫరల్ వల్ల ఉద్యోగం వచ్చేయదు. మీ రెజ్యూమె రిక్రూటర్ కంట పడే అవకాశం పెరుగుతుంది, అంతే. టెస్టు, ఇంటర్వ్యూ మీరే నెగ్గాలి. కాబట్టి రెజ్యూమెలో రాసిన ప్రతి ముక్కనూ పది నిమిషాలు వివరించగలగాలి. వివరించలేనిది తీసేయండి.

ఇంకో గుర్తు. చాలా కంపెనీల్లో, రెఫర్ చేసిన మనిషి చేరితే ఉద్యోగికి కంపెనీయే బోనస్ ఇస్తుంది. అలాంటప్పుడు మీ దగ్గర డబ్బు అడిగేవాడు చేసేది రెఫరల్ ఎలా అవుతుంది? పొలం తాకట్టు పెట్టి బ్యాక్‌డోర్ కన్సల్టెన్సీలకు లక్షలు కట్టేముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టినా, పీఎఫ్ ఖాతా చూస్తే ఎక్కడెప్పుడు పనిచేశారో తెలిసిపోతుంది. చేరాక బయటపడితే ఆ ఉద్యోగమూ పోతుంది, కట్టిన డబ్బూ రాదు.

ఈ వారం ఒక పని చేయండి. ఏడాదిగా మాట్లాడని పదిమంది సీనియర్ల పేర్లు రాసుకోండి. రోజుకు ఇద్దరికి మెసేజ్ పెట్టండి. సగం మంది పలకకపోవచ్చు, పలికిన సగం చాలు. ఈసారి పెళ్లికి కూడా వెళ్లండి. ఎవరైనా అడిగితే ‘ఉద్యోగం చూస్తున్నానండీ, జావా వచ్చు’ అని చెప్పండి. ఆ అడిగినాయన కూతురు ఎక్కడ పనిచేస్తోందో మీకేం తెలుసు?